గ్రాఫుల ద్వారా శాస్త్రీయ దత్తాంశ విశ్లేషణ

కొలతల్లో దాగి ఉన్న క్రమాన్ని కంటికి కనిపించే ఆకారంగా మార్చి, ఆ ఆకారం సాయంతో ప్రకృతి నియమాలను వెతికే పద్ధతి ఇది. పరిశీలనలోనో ప్రయోగంలోనో సేకరించిన సంఖ్యలను అక్షాల మధ్య చుక్కలుగా, గీతలుగా, కమ్మీలుగా అమర్చినప్పుడు పట్టికలో కంటికి ఆనని పెరుగుదల, తరుగుదల, ఆవృత్తి, గుంపులు, అసాధారణ విలువలు బయటపడతాయి. భౌతిక, రసాయన, ఖగోళ, జీవ, వాతావరణ శాస్త్రాలన్నిటికీ ఇది ప్రాథమిక సాధనం. అయితే గ్రాఫు చూపేది రాశుల మధ్య సంబంధం ఏ రూపంలో ఉందన్నదే. ఆ రూపం ఎందుకు వచ్చిందో ఇతర సాక్ష్యాలతో నిరూపించాలి. ఈ రెండింటి మధ్య హద్దును గుర్తించడం, దాన్ని దాటడానికి కావలసిన ఆధారాలను సమకూర్చుకోవడం గ్రాఫు పఠనంలో అసలైన నైపుణ్యం.

చరిత్ర

వేగం వంటి మారే రాశులను రేఖాగణిత ఆకారాలుగా చూపవచ్చని 14వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ ప్రతిపాదించారు. 1637లో వెలువడిన రెనె డెకార్ట్ ‘జామెట్రీ’ బీజగణిత సమీకరణాలను వక్రరేఖలతో ముడిపెట్టింది. కొలిచిన విలువలను గ్రాఫులుగా గీయడం మాత్రం 18వ శతాబ్దంలో గానీ కుదురుకోలేదు. యోహాన్ హైన్రిఖ్ లాంబర్ట్ కొలతల చుక్కల మధ్యగా ఒక నున్నటి వక్రరేఖ గీసి, విడివిడి కొలతల్లోని దోషాలను తగ్గించే పద్ధతిని తన భౌతికశాస్త్ర పరిశోధనల్లో వాడారు.

స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ప్రచురించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో ఎగుమతి, దిగుమతుల లెక్కలను కాలక్రమ రేఖాచిత్రాలుగా, కమ్మీ చిత్రాలుగా చూపారు. 1801లో వృత్త చిత్రాన్ని కూడా ప్రవేశపెట్టారు. ఆయన ఒకప్పుడు ఆవిరి యంత్ర నిర్మాత జేమ్స్ వాట్ వద్ద సహాయకుడిగా పనిచేశారు. 18వ శతాబ్దం చివర్లో వాట్, ఆయన సహచరుడు జాన్ సదర్న్ కలిసి సిలిండరులోని పీడనాన్ని, ఘనపరిమాణాన్ని యంత్రమే స్వయంగా గీసుకునే ఏర్పాటు చేశారు.

19వ శతాబ్దంలో గ్రాఫు పరిశోధనకూ ప్రజారోగ్యానికీ పనికొచ్చింది. 1833లో జాన్ హెర్షెల్ జంట నక్షత్రాల స్థానాలను చుక్కలుగా గుర్తించి, వాటి మధ్య గీసిన వక్రరేఖ నుంచి కక్ష్యను లెక్కగట్టారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా మరణాలను పటంపై గుర్తించిన జాన్ స్నో, అవి ఒక నీటి పంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని చూపారు. క్రిమియా యుద్ధంలో గాయాల కంటే నివారించదగ్గ వ్యాధులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల వృత్త ఖండాలతో పాలకుల ముందు పెట్టారు. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ జతపరచి చూసి, మరీ పొడగరుల పిల్లలు సగటు వైపు మొగ్గుతారని గమనించారు. నేటి ప్రతిగమన విశ్లేషణకు మూలం అదే.

గ్రాఫు నిర్మాణం

సాధారణ గ్రాఫులో రెండు అక్షాలుంటాయి. ప్రయోగకర్త మార్చే రాశిని, లేదా కాలం వంటి స్వతంత్ర చలరాశిని, అడ్డంగా ఉన్న ఎక్స్ అక్షంపై వేస్తారు. దాన్నిబట్టి మారే పరతంత్ర చలరాశిని నిలువుగా ఉన్న వై అక్షంపై వేస్తారు. ప్రతి అక్షానికీ పేరు, ప్రమాణం, స్కేలు తప్పనిసరి. ప్రమాణం రాయని గ్రాఫు నుంచి ఆకారం తెలుస్తుంది గానీ పరిమాణం తెలియదు.

గీత వాలుకూ, అది అక్షాన్ని ఖండించే చోటును తెలిపే అంతరఖండానికీ భౌతిక అర్థం ఉంటుంది. దూరం, కాలం గ్రాఫులో వాలు వేగాన్ని సూచిస్తుంది. వేగం, కాలం గ్రాఫులో వాలు త్వరణాన్ని, గీత కింది వైశాల్యం ప్రయాణించిన దూరాన్ని ఇస్తాయి. లోహంపై కాంతి పడినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తిని కాంతి పౌనఃపున్యానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుంచి రాబర్ట్ మిల్లికన్ 1916లో ప్లాంక్ స్థిరాంకాన్ని నిర్ణయించారు.

రకాలు

ఏ గ్రాఫు ఎంచుకోవాలన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. కాలంతో పాటు వచ్చే మార్పుకు రేఖాచిత్రం, విడివిడి వర్గాల పోలికకు కమ్మీ చిత్రం, మొత్తంలో భాగాలకు వృత్త చిత్రం వాడతారు. ఒకే రాశి విలువలు ఎక్కడ దట్టంగా, ఎక్కడ పలచగా ఉన్నాయో సోపాన చిత్రం చూపుతుంది. రెండు రాశుల మధ్య సంబంధానికి స్కాటర్ ప్లాట్ తగినది. అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ ప్రాచుర్యంలోకి తెచ్చిన బాక్స్ ప్లాట్ మధ్యగతాన్ని, విలువల విస్తృతిని, దూరంగా పడ్డ విలువలను ఒకేచోట చూపుతుంది.

గుంపులను పట్టివ్వడంలో స్కాటర్ ప్లాట్‌కు ఉన్న శక్తికి హెర్ట్జ్‌స్ప్రుంగ్–రసెల్ చిత్రం గొప్ప ఉదాహరణ. 1911–1913 మధ్య ఐనార్ హెర్ట్జ్‌స్ప్రుంగ్, హెన్రీ నోరిస్ రసెల్ వేర్వేరుగా నక్షత్రాల కాంతిని వాటి రంగుకు లేదా వర్ణపట తరగతికి ఎదురుగా గుర్తించారు. చుక్కలు గ్రాఫంతా చెదిరిపోలేదు. అధికభాగం ఒక ఏటవాలు పట్టీలోకి, మరికొన్ని మహా నక్షత్రాల గుంపులోకి చేరాయి. చిత్రంలోని ఖాళీలు కూడా ప్రశ్నలయ్యాయి: అక్కడ నక్షత్రాలు ఎందుకు లేవు? నక్షత్రాల పుట్టుక, పరిణామం, అంతం గురించిన సిద్ధాంతాలు ఈ చిత్రాన్ని వివరించే ప్రయత్నంలోనే పదునెక్కాయి.

వక్రరేఖ నుంచి సరళరేఖకు

మనిషి కన్ను సరళరేఖను తేలిగ్గా గుర్తుపడుతుంది. ఒక వక్రరేఖకూ మరో వక్రరేఖకూ తేడా అంత తేలిగ్గా పట్టుకోలేదు. అందువల్ల శాస్త్రవేత్తలు రాశులను మార్చి, వక్రరేఖను సరళరేఖగా తేవడానికి ప్రయత్నిస్తారు. బాయిల్ నియమం ప్రకారం, స్థిర ఉష్ణోగ్రత వద్ద వాయువు పీడనం దాని ఘనపరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుంది. నేరుగా గీస్తే వంపు తిరిగిన రేఖ వస్తుంది. పీడనాన్ని ఘనపరిమాణపు వ్యుత్క్రమానికి ఎదురుగా గీస్తే చుక్కలు మూలబిందువు గుండా పోయే సరళరేఖపై కూర్చుంటాయి. విలోమానుపాతమన్న ఊహ అప్పుడు పరీక్షకు నిలిచినట్లు లెక్క.

సంవర్గమాన స్కేలు కూడా ఇందుకే. అందులో సమాన దూరాలు సమాన నిష్పత్తులను సూచిస్తాయి. కాబట్టి స్థిరమైన రేటుతో రెట్టింపయ్యేదీ, సగమయ్యేదీ సరళరేఖలుగా కనిపిస్తాయి. ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, ఫ్రెడరిక్ సాడీ 1902లో థోరియం ఎక్స్ అనే పదార్థపు రేడియోధార్మికత సుమారు 4 రోజుల్లో సగానికి పడిపోవడాన్ని కొలిచారు. దాన్ని తీసేసిన థోరియంలో అది అదే వేగంతో తిరిగి పుట్టుకురావడాన్నీ కొలిచారు. దిగే వక్రరేఖ, ఎక్కే వక్రరేఖ ఒకదానికొకటి సరితూగాయి. పరమాణువులు స్థిరమైన రేటుతో వేరే మూలకంగా మారుతున్నాయన్న నిర్ణయానికి ఆ సామ్యం దారితీసింది.

అదే కోవలో, హార్వర్డ్ అబ్జర్వేటరీకి చెందిన హెన్రియెటా లీవిట్ 1912లో చిన్న మాజెలానిక్ మేఘంలోని 25 చర నక్షత్రాలను పరిశీలించారు. వాటి కాంతి పెరిగి తగ్గే ఆవర్తన కాలపు సంవర్గమానాన్ని ప్రకాశానికి ఎదురుగా గుర్తిస్తే దాదాపు సరళరేఖ వచ్చింది. ఆవర్తన కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అంత ప్రకాశవంతం. అవన్నీ భూమికి ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నందువల్ల ఆ సంబంధం అసలు ప్రకాశానికే చెందుతుందని ఆమె గ్రహించారు. గెలాక్సీల దూరాలు కొలిచే కొలబద్ద ఆ గీత నుంచే వచ్చింది.

కీలింగ్ వక్రరేఖ

ఒకే గ్రాఫులో ఎన్ని పొరలు ఉండగలవో, వాటిని ఎలా విడదీయాలో తెలుసుకోవడానికి కీలింగ్ వక్రరేఖను మించిన ఉదాహరణ అరుదు. 1958 మార్చిలో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా అగ్నిపర్వతంపై, సుమారు 3,400 మీటర్ల ఎత్తులోని కేంద్రంలో, గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలవడం మొదలుపెట్టించారు. తొలి విలువ సుమారు 313 పీపీఎం. అంటే పొడి గాలిలోని ప్రతి 10 లక్షల అణువుల్లో 313. అడవులకు, పట్టణాలకు దూరంగా, సముద్రం మధ్య ఎత్తైన చోటును ఎంచుకోవడానికి కారణం స్థానిక ప్రభావాలు తక్కువగా ఉండటమే. అగ్నిపర్వతపు వాయువులు కలిసిన గంటల కొలతలను గుర్తించి పక్కన పెడతారు.

మొదటి పొర ఏడాదిలోపు ఊగిసలాట. సాంద్రత మే నెలలో గరిష్ఠానికి చేరి, సెప్టెంబరు, అక్టోబరు నాటికి కనిష్ఠానికి దిగుతుంది. తేడా సుమారు 6 పీపీఎం. ఉత్తరార్ధగోళంలో నేల, వృక్షజాలం ఎక్కువ. వేసవిలో మొక్కలు కిరణజన్య సంయోగక్రియతో కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయి; శీతాకాలంలో శ్వాసక్రియ, ఆకులు కుళ్లడం వల్ల అది తిరిగి గాలిలో చేరుతుంది. ఈ వివరణ సరైనదైతే వృక్షజాలానికి దూరంగా ఉన్న దక్షిణ ధ్రువంలో ఊగిసలాట చిన్నదిగా ఉండాలి. అక్కడి కొలతలు సరిగ్గా అదే చూపాయి.

రెండో పొర దీర్ఘకాలిక పెరుగుదల. ప్రతి ఏడాది గరిష్ఠం అంతకుముందు ఏడాది గరిష్ఠం కంటే పైన ఉంటుంది. 2013 మేలో రోజువారీ విలువ తొలిసారి 400 పీపీఎం స్థాయిని తాకింది. 2024 నాటికి వార్షిక సగటు 420 దాటింది. మూడో పొర వాలులోనే వచ్చిన మార్పు. 1960లలో ఏడాదికి 1 పీపీఎం కంటే తక్కువగా ఉన్న పెరుగుదల ఇటీవలి దశకంలో 2 పీపీఎం దాటింది. అంటే రేఖ పైకి పోవడమే కాదు, పోయేకొద్దీ నిటారవుతోంది.

పెరుగుదలకు కారణం మాత్రం ఈ గ్రాఫులో లేదు. దాన్ని ఇతర కొలతలు నిర్ధారించాయి. బొగ్గు, పెట్రోలియం కోట్ల ఏళ్లనాటివి కాబట్టి కాలంతో క్షీణించే కార్బన్–14 వాటిలో మిగలదు. ఆ ఇంధనాల పొగ గాలిలోని కార్బన్–14 నిష్పత్తిని పలచబరుస్తోందని హన్స్ సూస్ 1955లో చెట్ల కలప నుంచి చూపారు. మొక్కల నుంచి ఏర్పడిన ఇంధనాల్లో కార్బన్–13 కూడా తక్కువ. గాలిలో దాని నిష్పత్తి తగ్గుతోంది. చార్లెస్ కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ మొదలుపెట్టిన కొలతల్లో ఆక్సిజన్ తగ్గుదల కూడా బయటపడింది. దహనం జరిగితే అలా తగ్గుతుంది. సముద్రం నుంచో అగ్నిపర్వతాల నుంచో వాయువు వెలువడినంత మాత్రాన తగ్గదు. నాలుగు గ్రాఫులూ ఒకే కారణాన్ని చూపడంతో ఆ నిర్ణయానికి బలం చేకూరింది.

సహసంబంధం, కారణం, అపవాదం

రెండు రాశులు కలిసి మారడాన్ని సహసంబంధం అంటారు. ఒకటి రెండోదానికి కారణం కావచ్చు, రెండింటికీ మూడో కారణం ఉండవచ్చు, కాకతాళీయమూ కావచ్చు. కారణాన్ని నిర్ణయించాలంటే అది పనిచేసే విధానం తెలియాలి, నియంత్రిత ప్రయోగమో స్వతంత్ర సాక్ష్యమో కావాలి.

భారత రుతుపవనాల చరిత్రలో ఇందుకు మంచి పాఠం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశవ్యాప్త సగటు వర్షపాతం సుమారు 87 సెంటీమీటర్లు. ఏటేటా దీని నుంచి ఎంత హెచ్చుతగ్గులు వచ్చాయో కమ్మీలుగా గీసి, పసిఫిక్ మహాసముద్ర ఉపరితలం వేడెక్కే ఎల్ నినో వచ్చిన ఏళ్లను గుర్తిస్తే, లోటు కమ్మీలతో వాటికున్న పొత్తు స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో 19 శాతం, 2009లో 22 శాతం లోటు ఏర్పడ్డాయి. రెండూ ఎల్ నినో ఏళ్లే. కానీ 1997లో ఎల్ నినో అత్యంత బలంగా ఉన్నా వర్షపాతం సగటుకు కాస్త పైనే నమోదైంది. గుంపుకు దూరంగా పడ్డ ఈ చుక్కను కొలత దోషంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా కలిసి హిందూ మహాసముద్రపు పడమటి, తూర్పు భాగాల ఉష్ణోగ్రతల మధ్య ఏర్పడే ద్విధ్రువ స్థితిని వివరించారు. 1997లో అది బలంగా ఉంది. ఎల్ నినో ప్రభావాన్ని అదే తగ్గించిందన్న వివరణను తర్వాతి పరిశోధనలు ముందుకు తెచ్చాయి. అపవాదంగా నిలిచిన ఒక చుక్క రెండో సముద్రం వైపు చూపు మళ్లించింది.

అనిశ్చితి

ప్రతి కొలతకూ కొంత దోషం ఉంటుంది. చుక్కకు పైన, కింద గీసే దోష పట్టీలు దాన్ని తెలుపుతాయి. రెండు చుక్కల మధ్య తేడా వాటి పట్టీల కంటే బాగా చిన్నదైతే ఆ తేడాపై నిర్ణయం చేయడం తొందరపాటు. యాదృచ్ఛిక దోషం చుక్కలను రేఖకు ఇరువైపులా చెదరగొడుతుంది. క్రమబద్ధ దోషం అన్నిటినీ ఒకే వైపు జరుపుతుంది. రెండోదాన్ని గ్రాఫు నుంచి పట్టుకోవడం కష్టం.

1929లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీల దూరానికి ఎదురుగా అవి దూరమయ్యే వేగాన్ని గీసి, రెండింటికీ అనులోమ సంబంధం ఉందని చూపారు. ఆయన లెక్కలో వాలు, మెగాపార్సెక్ అనే దూర ప్రమాణానికి సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. నేటి విలువ సుమారు 70. దూరాల కొలబద్దలోనే దోషం ఉన్నందున దూరాలన్నీ తక్కువగా లెక్కకు వచ్చాయి. సంబంధపు రూపం నిలిచింది, విలువ మారింది.

పొరపాట్లు, వక్రీకరణలు

వై అక్షాన్ని ఎక్కడ మొదలుపెట్టారన్నది మొదట గమనించాలి. కమ్మీ చిత్రంలో పొడవే విలువ కనుక అది సున్నా నుంచి మొదలవాలి. లేకుంటే చిన్న తేడా భారీగా కనిపిస్తుంది. రేఖాచిత్రానికి ఈ నియమం వర్తించదు. కీలింగ్ వక్రరేఖను సున్నా నుంచి గీస్తే 6 పీపీఎం ఊగిసలాట అణగిపోతుంది. అయితే 310 నుంచి మొదలైన గ్రాఫును చూసి సాంద్రత ఎన్నో రెట్లయిందనుకోకూడదు. అసలు పెరుగుదల మూడోవంతుకు కాస్త పైన.

సగటుల వెనుక ఆకారం దాగిపోవచ్చు. బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో తలా 11 చుక్కలున్న నాలుగు దత్తాంశాలను కూర్చారు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధ గుణకం సుమారు 0.82, ప్రతిగమన రేఖ కూడా ఒక్కటే. గ్రాఫు గీస్తే ఒకటి రేఖ చుట్టూ చెదిరిన చుక్కలు, మరొకటి నున్నటి వంపు, మూడోది ఒకే చుక్క పక్కకు లాగిన సరళరేఖ, నాలుగోది ఒక్కటి తప్ప అన్నీ ఒకే నిలువు గీతపై నిలిచిన చుక్కలు.

ఏ చుక్కలను వదిలేశారన్నది మరింత ముఖ్యం. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు వ్యోమగాములు మరణించారు. బూస్టరు రాకెట్ల కీళ్లలోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకోవడం అందుకు కారణం. ముందురోజు రాత్రి చర్చలో కీళ్లకు హాని జరిగిన ప్రయోగాలనే పరిగణించారు. వాటిలో ఉష్ణోగ్రతతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. హాని జరగని ప్రయోగాలను కూడా చేర్చి దర్యాప్తు సంఘం గీసిన గ్రాఫులో తేడా బయటపడింది: 65 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో జరిగిన నాలుగు ప్రయోగాల్లోనూ హాని జరిగింది, అంతకంటే వెచ్చని వేళల్లో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే జరిగింది. ఏమీ కాని రోజుల చుక్కలకూ సాక్ష్యపు విలువ ఉంటుందని ఏడు ప్రాణాల నష్టం తర్వాత తెలిసింది.

కొలిచిన పరిధికి లోపల విలువను అంచనా వేయడం అంతర్వేశనం, బయటికి పోవడం బహిర్వేశనం. రెండోదానికి జాగ్రత్త ఎక్కువ కావాలి. వాయువు ఘనపరిమాణం, ఉష్ణోగ్రత గ్రాఫును ఎడమకు పొడిగిస్తే అది మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ వద్ద సున్నాను తాకుతుంది. పరమ శూన్య ఉష్ణోగ్రత భావన అలా బలపడింది. అయినా నిజమైన వాయువేదీ ఆ రేఖను చివరిదాకా అనుసరించదు. అంతకుముందే ద్రవంగా మారుతుంది.

తెలుగు ప్రాంతాల్లో వినియోగం

గోదావరి వరద కాలంలో భద్రాచలం వద్ద నీటిమట్టం, కాలం గ్రాఫుపై లక్షలాది ప్రజల భద్రత ఆధారపడుతుంది. అక్కడ 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఏ క్షణాన ఎన్ని అడుగులన్నది ఎంత ముఖ్యమో, రేఖ వాలు కూడా అంతే ముఖ్యం. నిటారుగా ఎక్కుతుంటే గంటలే మిగిలాయని అర్థం. వాలు తగ్గుతుంటే శిఖరం దగ్గరపడిందని అర్థం. ఎగువ కేంద్రాల్లో శిఖరం వచ్చిన వేళను దిగువ కేంద్రాల వేళతో పోల్చి, ధవళేశ్వరం బ్యారేజీకి వరద ఎప్పుడు చేరుతుందో అంచనా వేస్తారు.

అంగన్‌వాడీ కేంద్రాల్లో బిడ్డ బరువును వయసుకు ఎదురుగా గుర్తించే పెరుగుదల చార్టు పల్లెల్లో విరివిగా వాడే శాస్త్రీయ గ్రాఫు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు భారత్ సహా ఆరు దేశాల పిల్లల కొలతలపై ఆధారపడ్డాయి. బిడ్డ చుక్క రంగు పట్టీలో ఎక్కడ పడిందన్నదానితో పాటు, నెలనెలా గీత పైకి పోతోందా, అడ్డంగా సాగుతోందా అన్నది చూడాలి. ఆరోగ్యకరమైన పట్టీలోనే ఉన్నా గీత చదునైతే బిడ్డ ఎదుగుదల మందగించిందన్న తొలి హెచ్చరిక అదే.

గణాంక శాస్త్రానికి తెలుగువారు అందించిన తోడ్పాటులో కలియంపూడి రాధాకృష్ణరావు పేరు ముందు వరసలో ఉంటుంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ప్రశాంతచంద్ర మహలనోబిస్‌తో కలిసి పనిచేసిన ఆయన, పరిమిత దత్తాంశం నుంచి ఒక అంచనా ఎంత కచ్చితంగా రాగలదో దానికి గల హద్దును 1945లో నిరూపించారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. చుక్కల మధ్య గీసే రేఖను ఎంతవరకు నమ్మవచ్చన్న ప్రశ్నకు ఆయన నిరూపించిన హద్దు ఒక గణిత ప్రాతిపదిక.

నేటి స్థితి

నేడు ఉపగ్రహాలు, దూరదర్శినులు, జన్యుక్రమ యంత్రాలు సేకరించే దత్తాంశాన్ని మనుషులు చుక్కచుక్కగా చదవలేరు. క్రమాలను వెతికే పని చాలావరకు కంప్యూటర్లు చేస్తున్నాయి. అయినా గ్రాఫు గీసి చూడటం విశ్లేషణలో తొలి మెట్టుగా, తుది తనిఖీగా కొనసాగుతోంది. లెక్క ఏ ఊహలపై నడిచిందో, ఆ ఊహలు దత్తాంశానికి సరిపోతాయో లేదో చుక్కలను చూస్తేనే తెలుస్తుంది. పాఠశాలలో గ్రాఫు గీయడాన్ని మార్కుల కోసం నేర్పడం సరిపోదు. అక్షాలేమిటి, ప్రమాణాలేమిటి, ఏ చుక్కలు వదిలేశారు, దోషం ఎంత, ఈ రూపానికి వేరే కారణం ఉండవచ్చా అని అడగడం నేర్పాలి. వరద హెచ్చరికనూ, బిడ్డ ఎదుగుదలనూ, వాతావరణ మార్పునూ గ్రాఫుల ద్వారానే తెలుసుకుంటున్న సమాజానికి ఈ ప్రశ్నలు అక్షరాస్యతలో భాగం.